తలుపు తట్టుట యెప్పుడు?

గతమాసమున మా కార్యాలయమున రెండు సాయంకాలములు ఒక వివాదము నడచినది. వివాదాంశము చూచుటకు స్వల్పము. మా పత్రిక వెబ్‌సైటును తెఱచిన ప్రతివారికిని, మొదటి వాక్యమును చదువకమునుపే, ఒక చిన్న పెట్టె తెఱమీదికి వచ్చి, ‘ఈ సైటు మీకు నోటిఫికేషనులు పంపగోరుచున్నది, అనుమతింతురా, నిరోధింతురా?’ అని యడుగుచుండెను. ఆ పెట్టెను ఉంచవలెనా, తీసివేయవలెనా యనునదియే ప్రశ్న. దీనికి మూలము ఒక పాత చందాదారుని యుత్తరము. ఆయన విశ్రాంత ఉపాధ్యాయుడు, కృష్ణాతీరపు పల్లెవాసి. అచ్చుపత్రికను చిరకాలము తెప్పించుకొని, కన్నులు మందగించిన పిదప అక్షరములను పెద్దవి చేసికొనుటకు వీలగునని ఫోనులో చదువ నారంభించిరి. తాను మా యింటికి వచ్చి గుమ్మములో కాలుపెట్టకమునుపే, ఇకమీద మేము తన యింటికి ఇష్టము వచ్చినప్పుడెల్ల రావచ్చునా యని మా బంట్రోతు అడుగుచున్నాడనియు, ఇది యెక్కడి మర్యాద యనియు ఆయన వ్రాసిరి. ఆ యుత్తరమును చదివి మొదట నవ్వితిమి. రెండవసారి చదివినపుడు నవ్వు రాలేదు.

మా వ్యవహర్తగారు ఈ యుత్తరమునకు లొంగలేదు. ఆయన వాదమును పూర్తిగా వినిపించుట మా ధర్మము. చిన్నపత్రికను వెదకికొని వచ్చు పాఠకుడు నేడు అరుదు. వెదకుయంత్రములో ఏదో మాట కొట్టినపుడో, మిత్రుడెవ్వడో పంపిన లింకును నొక్కినపుడో ఒక్క వ్యాసమును చదివి వెడలిపోవును, మరల రాడు. మా పేరైనను ఆతనికి గుర్తుండదు. వచ్చు మార్గము మాది కాదు, అన్యులది. ఆ యన్యులు ఎప్పుడు మార్గము మార్చుదురో మాకు తెలియదు. 2018 జనవరిలో ఫేస్‌బుక్ సంస్థ, పత్రికల ప్రకటనలకంటె మిత్రుల బంధువుల కబుర్లకే ముందుచోటు ఇత్తుమని ప్రకటించినపుడు, ఆ త్రోవనే నమ్ముకొన్న పత్రికలు ప్రపంచమంతటను నష్టపడినవి. పాఠకునికిని పత్రికకును నడుమ మూడవవాని దయ లేకుండ మిగిలిన త్రోవలు రెండో మూడో మాత్రమే. నోటిఫికేషను వానిలో నొకటి. పైగా దానికి ఖర్చు మిక్కిలి తక్కువ. దానిని గూడ వదలుకొన్నచో చిన్నపత్రిక దేనిమీద నిలుచును? ఈ వాదమును తేలికగా త్రోసివేయువారు పత్రికను నడపి యెఱుగనివారని మా యభిప్రాయము.

ఈ యంత్రాంగము ఎట్లు పనిచేయునో కొంత చెప్పుట మంచిది. ఏలయన వివాదమంతయు అందులోనే దాగియున్నది. పాఠకుడు ‘అనుమతించు’ మీటను నొక్కగానే, ఆతని బ్రౌజరు ఆ సైటుకొఱకు ఒక ప్రత్యేకమైన చిరునామాను సృష్టించును. ఆ చిరునామా పాఠకుని ఫోను సంఖ్య కాదు, ఈమెయిలు కాదు, పేరు కాదు. క్రోమ్ బ్రౌజరైనచో గూగుల్ వారి సర్వరులోను, ఫైర్‌ఫాక్స్ ఐనచో మొజిల్లావారి సర్వరులోను, సఫారి యైనచో ఆపిల్ వారి సర్వరులోను అది యుండును. పత్రికవారు వార్తను ఆ చిరునామాకు పంపుదురు. ఆ సర్వరు దానిని పాఠకుని యంత్రమునకు చేర్చును. వార్తలోని మాటలు మధ్యవర్తికి తెలియకుండ రహస్యలిపిలో పోవును గాని, చేర్చు చేయి మాత్రము మధ్యవర్తిదే. కావున ఇది ‘మూడవవాని దయ లేని త్రోవ’ యను మా వ్యవహర్తగారి మాట ముప్పాతిక మాత్రమే నిజము. ఐనను ఒక మేలు కలదు. సంక్షిప్తసందేశములు పంపు వర్తకునకు మనము ఫోను సంఖ్య నీయవలెను. అది చేతులు మాఱును, అమ్ముడుపోవును. ఈ పద్ధతిలో అట్టి యపాయము లేదు. పాఠకుడు అనుమతిని ఉపసంహరించుకొన్న మఱుక్షణము ఆ చిరునామా చచ్చును. మే మెంత పిలిచినను పలుకువారుండరు.

సాధనము చెడ్డది కాదు. ఆపిల్ వారు 2009లో ఐఫోను యాపులకు ఇట్టి పిలుపుల నేర్పాటు చేసిరి. 2013లో తమ మ్యాకింటోష్ కంప్యూటరులలోని సఫారి ద్వారా వెబ్‌సైటులకును ఆ వీలు కల్పించిరి. 2015 వసంతమున క్రోమ్ బ్రౌజరు, 2016 ఆరంభమున ఫైర్‌ఫాక్స్ అదే త్రోవ పట్టినవి. ఆపిల్ వారి ఫోనులలో 2023 మార్చి వఱకు వెబ్‌సైటులకు ఈ ప్రవేశము లేదు. అప్పుడైనను, పాఠకుడు ఆ సైటును తన తెఱమీద యాపువలె నిలుపుకొన్నయెడల మాత్రమే యని నియమము పెట్టిరి. రైలు ఆలస్యమైనదని, ఎదురుచూచుచున్న పరీక్షాఫలితములు వచ్చినవని, ఒకానొక యుత్తరమునకు జవాబు వచ్చినదని తెలుపుట ఈ సాధనము పుట్టిన ప్రయోజనము. పాఠకుడు కోరి యెదురుచూచుచున్న దానిని క్షణములో నందించుట యన్నమాట.

జరిగినది వేఱు. అడుగుట సులభమైనందున అందఱు నడుగ నారంభించిరి. వంటల సైటు అడిగెను, చీరల యంగడి యడిగెను, జాతకములు చెప్పువా డడిగెను, పంచాంగపు సైటు అడిగెను. మేమును అడిగితిమి. ఫలితమును చెప్పుటకు మొజిల్లావారు 2019లో ప్రకటించిన లెక్కలు చాలును. వారి ప్రయోగసంచికలో ఒక్క మాసమున కోటి యెనుబది లక్షల పెట్టెలు తెఱమీదికి రాగా, వానిలో అనుమతి లభించినవి నూటికి మూడైనను లేవు. నూటికి దాదాపు పందొమ్మిది సందర్భములలో పాఠకుడు ఆ పెట్టెను చూచిన వెంటనే సైటునే విడిచి వెడలిపోయెను. అదే సంవత్సరము చివర వారు మరల లెక్కించి, నూటికి తొంబదితొమ్మిది పెట్టెలు అంగీకారము లేకయే పోవుచున్నవనియు, నలువదియెనిమిది స్పష్టముగా నిరాకరింపబడుచున్నవనియు తేల్చిరి. 2020 జనవరినుండి ఫైర్‌ఫాక్స్ ఆ పెట్టెలను తనంతట తాను చూపుట మానివైచెను. ఆ సంవత్సరముననే క్రోమ్ గూడ, పాఠకులు తఱచు నిరాకరించు సైటుల ప్రశ్నను మూలకు నెట్టి, గంటబొమ్మగా మాత్రము చూప మొదలిడెను. 2025 అక్టోబరులో గూగుల్ వారు మఱి యొక యడుగు ముందుకు వేసి, పాఠకుడు చిరకాలముగా దర్శింపని సైటుల యనుమతులను బ్రౌజరే రద్దు చేయునని ప్రకటించిరి. నోటిఫికేషనులలో నూటికి ఒక్కదానినైనను జనులు తాకుటలేదని తమ లెక్కలు చెప్పుచున్నవనిరి.

ఆ పందొమ్మిది యను సంఖ్యయే మా మనస్సును పట్టుకొన్నది. పాఠకులను కూర్చుటకై పెట్టిన పెట్టె, గుమ్మముకడకు వచ్చినవారిలో ఐదింట నొకని దాదాపుగా వెనుకకు పంపుచున్నది. మఱియొక సంగతి: ఒకసారి ‘నిరోధించు’ మీట నొక్కినవానిని ఆ సైటు మరల అడుగజాలదు. బ్రౌజరు ఆ నిరాకరణమును గుర్తుంచుకొనును. ఆతడే తరువాత మా వ్యాసమును మెచ్చి, పిలుపు కావలెనని కోరినను, సెట్టింగులలో దూరి వెదకికొని నిరోధమును తొలగింపవలసినదే. అనగా, మేమెవ్వరమో యెఱుగని మూడు సెకనులలో మేమడిగిన ప్రశ్న, మమ్ము నెఱిగిన మూడు మాసముల పిమ్మట లభింపగల అంగీకారమును గూడ ముందే చంపివేయుచున్నది. తొందరపడి అడిగిన యప్పువలె, చిక్కవలసినదియు చిక్కదు.

‘ఐనను అనుమతించినవా రున్నారు గదా!’ యని వ్యవహర్తగారు అనిరి. ఉన్నారు. వా రెట్టివారని మేము విచారించితిమి. మా బంధువులను, కక్షిదారులను, కార్యాలయమునకు వచ్చిపోవువారిని అడుగగా, ఆ పెట్టె అడ్డు తొలగవలెనని ఏదో యొక మీటను నొక్కితి మని పలువురు చెప్పిరి. అనుమతించినయెడల గాని వ్యాసము కనబడదేమో యని నొక్కితి మని కొందఱనిరి. పైమీట ‘కాదు’ అనునదేమో యని భ్రమపడి నొక్కినవా రిద్దఱు. న్యాయవాదవృత్తిలో నున్న మాకు ఈ మాటలు వినగానే 1872 నాటి కాంట్రాక్టు చట్టము జ్ఞాపకము వచ్చినది. ఇద్దఱు ఒకే వస్తువును గూర్చి ఒకే యర్థములో ఏకీభవించినపుడే సమ్మతి యని అందలి పదుమూడవ సెక్షను. బలవంతము, అనుచిత ప్రభావము, మోసము, తప్పుడు వర్ణనము, పొరపాటు లేనిదే స్వేచ్ఛాసమ్మతి యని పదునాలుగవది. అడ్డు తొలగించుకొనుటకై నొక్కిన మీట ఏ యర్థములో సమ్మతి? గుంపులో త్రోవ ఈయుమని చేయి చాచినవానిచే వ్రేలిముద్ర వేయించుకొన్నట్లే యిది.

కొత్త చట్టములు ఈ సూత్రమును మఱింత స్పష్టము చేసినవి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము, సమ్మతి స్వేచ్ఛగాను, నిర్దిష్టముగాను, విషయమెఱిగినదిగాను, షరతు లేనిదిగాను, సందిగ్ధము లేనిదిగాను ఉండవలెననుచున్నది. సమ్మతి నిచ్చుట యెంత సులభమో, ఉపసంహరించుకొనుటయు అంత సులభముగా నుండవలెననుచున్నది. సమ్మతి కోరు ప్రకటనను ఎనిమిదవ షెడ్యూలులోని భాషలలో, అనగా తెలుగులో గూడ, చదువుకొనుటకు వీలుండవలెననుచున్నది. బ్రౌజరు సృష్టించు చిరునామా ఈ చట్టమునందలి ‘వ్యక్తిగత సమాచారము’ క్రిందికి వచ్చునా రాదా యనునది న్యాయస్థానములు తేల్చవలసిన ముచ్చట; మేము తీర్పు చెప్పబోము. చట్టము వర్తింపకపోయినను మర్యాద వర్తించును. మా పెట్టెను అనుమతించుటకు ఒక్క నొక్కుడు చాలును. మానుకొనుటకో? బ్రౌజరు మూలనున్న మూడు చుక్కలను నొక్కి, సెట్టింగులకు పోయి, సైటు సెట్టింగులను వెదకి, నోటిఫికేషనుల పట్టికలో మా పేరును పట్టుకొని, అప్పుడు నిరోధింపవలెను. ఆ విశ్రాంత ఉపాధ్యాయుడు ఈ ప్రయాణమును ఒంటరిగా చేయగలడని మేము నమ్మము. 2023 నవంబరు చివర కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికారసంస్థ పదుమూడు విధములైన మాయపోకడలను నిషేధించుచు మార్గదర్శకములను వెలువరించినది. అందు ఒకటి, కాదన్నదానినే మాటిమాటికి అడిగి విసిగించుట. విసిగింపు అనునది ఇట్లు చట్టపుభాషలోనికి గూడ ఎక్కినది.

ఇందు మాకు సిగ్గు గొలుపు సంగతి యొకటి కలదు. మనుష్యుని ఒంటరిగా విడువవలెనను హక్కును గూర్చి శామ్యూల్ వారెన్, లూయీ బ్రాండైస్ అను ఇద్దఱు అమెరికా న్యాయవాదులు 1890లో హార్వర్డు లా రివ్యూలో ప్రసిద్ధమైన వ్యాసమును వ్రాసిరి. వారి ఫిర్యాదు ఎవ్వరిమీద ననుకొనుచున్నారు? రాజులమీద కాదు, పోలీసులమీద కాదు, పత్రికలమీద. ఇంటిలోపలి సంగతులలోనికి చొరబడు పత్రికలమీద. ఆ బీజమే పెరిగి పెరిగి, 2017 ఆగస్టు 24న మన సర్వోన్నత న్యాయస్థానము, తొమ్మండుగురు న్యాయమూర్తుల పీఠము, పుట్టస్వామి వ్యాజ్యములో ఏకాంతత ప్రాథమికహక్కు అని తీర్పు చెప్పుటకు తోడ్పడినది. పత్రికాస్వేచ్ఛను గూర్చి గొంతెత్తు మేము, పాఠకుని ఏకాంతమును గూర్చి మాటాడునపుడు గొంతు తగ్గించుట న్యాయము కాదు. మైకు వ్యాజ్యములో 2005లో అదే న్యాయస్థానము మఱియొక మాట తేల్చినది: మాటాడు స్వేచ్ఛ కలవాడు యంత్రసాహాయ్యమున శబ్దము పెంచి, విన నిష్టములేనివాని చెవిలో దూరుటకు హక్కు లేదని. రాత్రి పదిగంటలనుండి ఉదయము ఆఱు వఱకు మైకులు మోగరాదను నియమమును మన యూళ్లలో అందఱు నెఱుగుదురు; పాటించువారి సంగతి వేఱు. దిండుక్రింద నున్న ఫోను చిన్న మైకు కాదా?

పల్లెలలో టముకు వేయువానిని చూచినవారు మా పాఠకులలో నింకను గలరు. వాడు రోజూ రాడు. కాలువకు నీరు వదలుదురనియో, శిస్తు గడువనియో, గ్రామసభ యనియో పని యున్నపుడే వచ్చును. టముకు వినబడగానే చేతిలోని పని విడిచి స్త్రీలు గడపలోనికి వచ్చెడువారు. ఆ గౌరవము టముకు శబ్దమునకు గాదు, దాని యరుదుతనమునకు. ధనుర్మాసమున హరిదాసు వచ్చును. ఆయన ఏ గుమ్మము కడను నిలిచి అడుగడు. తలమీద పాత్ర, చేత చిడతలు, నోట కీర్తన. ఈయదలచినవారు బియ్యము పుచ్చుకొని తామే వచ్చి పాత్రలో వేయుదురు. సంవత్సరమున ముప్పది దినములు, ఉదయపువేళ మాత్రమే. ముప్పదియొకటవ దినమున రాడు. కావుననే మఱుసటి సంవత్సరమునకై యెదురుచూతురు. ప్రేక్షకులను కూర్చుకొను విద్యను బోధించు నేటి నిపుణులు ఈ హరిదాసుకడ నాలుగు దినములు శిష్యరికము చేసినచో మేలు!

హాని విసుగుతో ఆగునా? ఆగదు. మా కక్షిదారు లైన ఒక వృద్ధదంపతుల సంగతి చెప్పెదము. ఏదో సినిమా పాటకొఱకు వెదకుచుండగా ఒక సైటు, ‘మీరు మనుష్యులే యని నిరూపించుటకు అనుమతించు మీటను నొక్కుడు’ అనెను. నొక్కిరి. నాటినుండి దినమునకు ఇరువది ముప్పది మాఱులు, ‘మీ ఫోనులో వైరసు చేరినది’, ‘మీ బ్యాంకు ఖాతా నిలిచిపోవును’ అని ఎఱ్ఱయక్షరములతో నోటిఫికేషనులు. అవి ఫోను తయారుచేసినవారే పంపుచున్నారని వారు నమ్మిరి. భయముతో ఒకదానిని నొక్కి, చెప్పినట్లు డబ్బు చెల్లించిరి. వారికి నష్టమైనది పెద్ద మొత్తము కాదు. కాని ఆ పిమ్మట ఆ పెద్దమ్మగారు ఫోనును ముట్టుటకే వెఱచి, విదేశమందున్న కుమారునితో వారము వారము మాటాడుటయు మానుకొనిరి. మేమే ఆ యనుమతిని వెదకి తొలగించితిమి. ఆ పట్టికలో మోసపు సైటు పేరు క్రింద వార్తాపత్రికల పేర్లు వరుసగా నుండెను. ఆమె దృష్టిలో మనకును వానికిని భేదమేమి? అదే గంట, అదే పెట్టె, అదే మోత. మర్యాదస్థులు దొంగతోపాటు ఒకే గొంతుతో తలుపు తట్టుచున్నయెడల, గృహస్థు ఎవ్వరికిని తలుపు తీయడు.

టెలిఫోనునకు పట్టిన గతి మనయెదుటనే యున్నది. అప్పులిత్తుమని, స్థలములమ్ముదుమని వేళగానివేళ పిలుచు వర్తకుల బాధ పడలేక 2007లో వద్దన్నవారి సంఖ్యల పట్టికను ఏర్పాటు చేసిరి. 2010లోను 2018లోను నియమములను మార్చిరి. బాధ తీరలేదు. తుదకు జనులే ఒక యుపాయము కనిపెట్టిరి: తెలియని సంఖ్యనుండి వచ్చిన పిలుపునకు పలుకుట మానివైచిరి. నేడు కొరియరువాడు పిలిచినను, ఆసుపత్రివారు పిలిచినను పలుకువా రరుదు. వర్తకులు పాఠము నేర్చుకొనకమునుపే సాధనము మొద్దుబాఱిపోయినది.

తీరప్రాంతముననున్న మాకు ఇది హాస్యవిషయము కాదు. 1977 నవంబరు 19న దివిసీమమీద ఉప్పెన విఱుచుకొనిపడినపుడు వేలకొలది ప్రాణములు పోవుటకు, హెచ్చరిక గడపగడపకు చేరకపోవుటయు ఒక కారణము. నేడు హెచ్చరిక చేరుటకు కొఱత లేదు; 2023లో ప్రభుత్వమువారు ఒకేమాఱు లక్షల ఫోనులను పెద్దమోతతో మోగించి పరీక్షించిరి. ఆ పరీక్షానాడు మా కార్యాలయములోనే ఒకరు, ‘మఱేదో ప్రకటన’ యని చూడకయే త్రోసివేసిరి. అది వెబ్‌సైటు నోటిఫికేషను కాదు. దాని పద్ధతి వేఱు, మోతయు వేఱు. కాని దినమునకు నలువది పెట్టెలను త్రోసివేయుటకు అలవాటుపడిన బొటనవ్రేలికి ఆ భేదము తెలియదు. ‘నాన్నా పులి’ కథలో తప్పుకేకలు వేసినది ఒక్క పిల్లవాడు. ఇచట కేకలు వేయువారు వేలమంది, అందు మేమొకరము.

ఐనచో నోటిఫికేషనులను సమూలముగా మానవలెనా? మా సహాయసంపాదకులలో ఒక యువతి అట్లే వాదించినది. మాకు అంతదూరము పోవుట ఇష్టము లేదు. పిలుపు మోగినంతమాత్రమున, దానిని చూడకపోయినను, చేయుచున్న పనిలో తప్పులు పెరుగునని ఫ్లారిడా స్టేట్ విశ్వవిద్యాలయమువారు 2015లో ప్రయోగముచే చూపిరి. ఇది ఆమె పక్షము. కాని 2019లో ప్రకటితమైన మఱియొక పరిశోధనలో, నోటిఫికేషనులన్నిటిని మూటగట్టి దినమునకు మూడు వేళలలో అందుకొన్నవారు నెమ్మదిగాను, ఏకాగ్రతతోను ఉండగా, ఒక్కటియు అందనివారు ఏదో పోగొట్టుకొనుచున్నామని కలతపడిరట. మనుష్యునకు మౌనము చాలదు. వేళ తెలిసిన పిలుపు కావలెను. తపాలాబంట్రోతు వచ్చువేళకు అరుగుమీద కూర్చుండుటలో నున్న సుఖము పాతతరమువారికి తెలియును.

కావున మేము చేసిన నిర్ణయము ఇది. సైటు తెఱవగానే కనబడు పెట్టెను తీసివేసితిమి. వ్యాసము చివర, చదివి ముగించినవారికి మాత్రమే కనబడునట్లు, ఒక చిన్న గంటబొమ్మ నుంచితిమి. దానిక్రింద తెలుగులో మూడు పంక్తులు: ఏమి పంపుదుమో, ఎన్నిసారులు పంపుదుమో, మానుకొనదలచిన ఎట్లు మానుకొనవలెనో. పాఠకుడు తానై గంటను తాకిననే బ్రౌజరు ప్రశ్న యడుగును, తాకనివారిని మేమడుగము. పిలుపు వారమునకు ఒక్కటి, సంచిక వెలువడిన దినమున సాయంకాలము ఆఱుగంటలకు. రాత్రివేళ పంపము. వాతావరణశాఖవారి తుపాను, వరద హెచ్చరికలను కోరువారికి వేఱొక గంట కలదు. దానిని కోరినవారికి మాత్రము వేళ చూడక పంపుదుము, మఱి దానిలో ఇతరవార్త ఒక్కటియు చేర్చము. ప్రతి పిలుపును నొక్కగా తెఱచుకొను పుటలో, పైభాగముననే, ‘ఇక చాలు’ అను మీట యుండును. ఒక్క నొక్కుడు, కారణ మడుగము, బ్రతిమాలము, ‘మమ్ము విడిచిపోవుదురా’ యని దీనముఖము పెట్టము.

ఇంతకుమునుపు మా పాతపెట్టెను అనుమతించినవారు కొందఱు పద్దులలో నున్నారు. వారి సమ్మతి ఎట్లు వచ్చినదో పైన చెప్పితిమి. వారి కందఱకు వచ్చు సంచికతోడ ఒకే యొక నోటిఫికేషను పోవును. ఉండగోరువారు దానిని తెఱచి ‘ఉందును’ అను మీట నొక్కవలెను. ఒక మాసములో నొక్కనివారి చిరునామాలను మా పద్దులనుండి తుడిచివేయుదుము.

వ్యవహర్తగారు ఈ నిర్ణయమునకు ఒప్పుకొనలేదు. పద్దులో నూటికి తొంబదిమంది పోవుదురనియు, మిగిలిన సంఖ్యను చూచి ప్రకటనలిచ్చువారు ముఖము త్రిప్పుకొందురనియు, పెద్దపత్రికలు పాతపెట్టెలతోనే సుఖముగా నుండగా త్యాగములు చేయుట చిన్నపత్రికకు తగదనియు ఆయన వాదము. తన యసమ్మతిని గూడ ప్రకటింపవలెనని కోరిరి గాన ప్రకటించితిమి. మాసము గడచిన పిమ్మట ఎందఱు మిగిలిరో ఆ సంఖ్యను, అది యెంత స్వల్పమైనను, ఈ పుటలోనే అచ్చువేయుదుము.